వెన్నెముక వైద్యం: ముస్లిం హకీముల కృషి, దాని హద్దులు

నడుము నొప్పి మానవజాతికి కొత్తగా వచ్చిన వ్యాధి కాదు. మనిషి రెండు కాళ్ళపై నిటారుగా నిలిచిన నాటి నుండి తన భారాన్ని వెన్నెముక మీదనే మోస్తున్నాడు. పొలంలో వంగి నాట్లు వేసే కూలీ, రైల్వే స్టేషన్‌లో మూటలెత్తే హమాలీ, గుంట మగ్గం ముందు పొద్దంతా కూర్చునే నేతపనివాడు, బల్ల ముందు లెక్కలు వ్రాసుకునే గుమాస్తా, వీరెవరూ ఆ బాధకు మినహాయింపు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో దాదాపు 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. ఇంత విస్తృతమైన వ్యాధిని వెనుకటి తరాలు ఎలా అర్థం చేసుకున్నాయి, ఎలా చికిత్స చేశాయి అన్నది వైద్యచరిత్రలో ఒక ముఖ్యమైన ప్రశ్న.

ఈ చరిత్రలో ముస్లిం వైద్యుల స్థానాన్ని గురించి రెండు అతివాదాలు వినవస్తాయి. వారు గ్రీకుల గ్రంథాలను భద్రపరచి ఐరోపాకు అందించిన కాపలాదారులు మాత్రమేనని కొందరంటారు. నేటి వైద్యం చెప్పేదంతా మన పూర్వుల గ్రంథాలలో ముందే ఉన్నదని మరికొందరంటారు. వెన్నెముక వైద్యాన్ని దగ్గరగా పరిశీలిస్తే ఈ రెండు మాటలూ నిలబడవు. ఆ హకీములు చేసినదేమిటో, చేయలేనిదేమిటో విడివిడిగా తెలుసుకోవడమే వారికి న్యాయం చేయడమవుతుంది.

గ్రీకుల వారసత్వం

క్రీస్తు పూర్వం 5, 4 శతాబ్దాల నాటి హిప్పోక్రాటీస్‌ను అరబ్బులు బుఖ్రాత్ అన్నారు. ఆయన పేరు మీద వెలసిన గ్రంథాలలో కీళ్ళను గురించిన ఒక గ్రంథం ఉన్నది. గూనిని సరిచేయడానికి ఆ కాలంలో రోగిని నిచ్చెనకు కట్టి, ఆ నిచ్చెనను పైకెత్తి ఒక్కసారిగా కిందికి విడిచేవారని అందులో కనిపిస్తుంది. గ్రంథకర్త ఆ పద్ధతిని వివరిస్తూనే, దానిని వాడే వైద్యులలో ఎక్కువమంది జనం నోరు తెరచి చూడాలనే ఆ పని చేస్తారని ఎత్తిపొడిచారు. దానికి బదులు ఆయన చెప్పినది బల్ల. రోగిని బోర్లా పడుకోబెట్టి, తల వైపు నుండి, కాళ్ళ వైపు నుండి లాగుతూ, పైకి పొడుచుకువచ్చిన చోట వైద్యుడు అదిమే పద్ధతి అది.

క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన గాలెన్, అంటే అరబ్బుల జాలీనూస్, జంతువుల వెన్నుపామును వేర్వేరు చోట్ల కోసి, ఎక్కడ కోస్తే ఏ అవయవం చచ్చుబడుతుందో కనిపెట్టారు. ఆయన వ్రాసిన ఒక రోగి ఉదంతం ప్రసిద్ధమైనది. సిరియాకు చెందిన పౌసానియస్ అనే పండితునికి చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు, మధ్య వ్రేలిలో సగం స్పర్శ కోల్పోయాయి. వైద్యులు వ్రేళ్ళకే లేపనాలు పూస్తూ వచ్చారు. గుణం కనిపించలేదు. గాలెన్ మాత్రం పూర్వం ఏదైనా దెబ్బ తగిలిందా అని అడిగారు. బండి మీద నుండి పడినప్పుడు వీపు పైభాగం రాతికి కొట్టుకున్నదని తెలిసింది. మందును వ్రేళ్ళకు కాక మెడ దిగువన పట్టించగా రోగి కోలుకున్నాడు. నొప్పి ఒకచోట, మూలం మరొకచోట ఉండవచ్చునన్న పాఠం దీనిలో ఉన్నది.

9వ శతాబ్దంలో బగ్దాదులో హునైన్ బిన్ ఇస్‌హాఖ్, ఆయన శిష్యబృందం గాలెన్ గ్రంథాలను అరబీలోకి తెచ్చారు. హునైన్ క్రైస్తవుడు, ఆయనను ఆదరించినవారు ముస్లిం ఖలీఫాలు, మూలగ్రంథాలు గ్రీకులవి. విద్యకు మతం, జాతి అడ్డుగోడలు కాని ఆ వాతావరణంలోనే తరువాతి కృషికి పునాది పడింది.

ఇబ్నె సీనా వర్ణన

ఇబ్నె సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’ మొదటి గ్రంథంలో వెన్నెముక ఎందుకున్నదో ముందు చెప్పి, ఎలా ఉన్నదో ఆ పిమ్మట చెప్పారు. దానికి నాలుగు ప్రయోజనాలున్నాయని ఆయన వివరించారు. మొదటిది వెన్నుపాముకు దారి ఇవ్వడం. నరాలన్నీ నేరుగా మెదడు నుండే బయలుదేరవలసివస్తే తల ఇంకా ఎంతో పెద్దదిగా ఉండవలసివచ్చేది. అంత దూరం సాగే నరాలు తెగిపోయే ప్రమాదమూ ఉండేది. రెండవది లోపలి సున్నితమైన అవయవాలకు కవచంగా నిలవడం. మూడవది తక్కిన ఎముకలన్నింటికీ ఆధారం కావడం. దీనికి ఆయన ఓడ నిర్మాణాన్ని పోల్చి చూపారు: వడ్రంగి మొదట అడుగు దూలాన్ని పరచి, తక్కిన కర్రలను దానికే బిగిస్తాడు. నాలుగవది మనిషి నిలబడడానికీ, వంగడానికీ వీలు కలిగించడం. అందుకే అది ఒకే ఎముకగా కాక, ఒకదానితో ఒకటి చేరిన పూసలుగా ఉన్నది.

మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలని ఆయన లెక్క. నేటి శరీరశాస్త్రమూ ఇదే చెబుతున్నది. వెన్నుపాము నుండి వెలువడే నరాల జతలు 31 అన్నదీ నేటి లెక్కతో సరిపోతుంది. ఐతే కింది భాగానికి వచ్చేసరికి తేడా వస్తుంది. నడుము కింద త్రికాస్థికి 3, తోక ఎముకకు 3 జతలనీ, చివర జత లేని ఒక ఒంటరి నరమనీ ఇబ్నె సీనా వ్రాశారు. నేటి లెక్కలో త్రికాస్థికి 5 జతలు, తోక ఎముకకు 1. మొత్తం సరిపోయినా పంపకం సరిపోలేదు. ఈ వర్ణన గ్రీకు గ్రంథాల నుండి సంక్రమించినది. శవపరీక్షతో సరిచూసినది కాదు.

వెన్నుపూసలు తమ స్థానం తప్పి ముందుకు, వెనుకకు, పక్కకు జరగవచ్చునని కూడా ఆయన విభజించి చూపారు. దెబ్బ, పడిపోవడం వంటి బయటి కారణాలను, వాపు, తేమ, వాయువు వంటి లోపలి కారణాల నుండి వేరుచేశారు. దోషాల సిద్ధాంతం నేడు నిలవదు. కాని దెబ్బ వల్ల వచ్చిన గూనిని, శరీరంలోని వ్యాధి వల్ల వచ్చిన గూనిని ఒకే గాటన కట్టకూడదన్న వివేకం నిలుస్తుంది.

కర్డోవా శస్త్రవైద్యుడు

ఇబ్నె సీనా ప్రధానంగా సిద్ధాంతకర్త. చేతిపనిని గురించి వివరంగా వ్రాసినవారు అందలూసియాకు చెందిన అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ (936–1013). ఆయన స్వస్థలం కర్డోవా సమీపంలోని మదీనతుజ్జహ్రా. 30 భాగాల ఆయన ‘కితాబుత్తస్రీఫ్’లో చివరి భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. అందులో వాతలు పెట్టడం, కోత, ఎముకలు కట్టడం అనే మూడు విభాగాలున్నాయి. పనిముట్ల బొమ్మలను కూడా ఆయన గీసి చూపారు.

వెన్నుపూస స్థానం తప్పిన రోగికి జహ్రావీ చెప్పిన ఏర్పాటు బల్లయే. రోగిని బోర్లా పడుకోబెడతారు. చంకల కింద, నడుము వద్ద, మోకాళ్ళ వద్ద పట్టీలు కడతారు. రెండు కొసలలో పాతిన కొయ్యలకు చుట్టి, సహాయకులు రెండు వైపులకూ లాగుతారు. పూస దారికి వచ్చే సమయంలో వైద్యుడు అరచేతులతో అదుముతాడు. చేతులతో సాధ్యం కాకపోతే, గోడకు చేసిన సందులో పలక కొసను దూర్చి, దానితో మెల్లగా నొక్కుతాడు. ఆ పిమ్మట పలక, కట్టు వేసి రోగిని కదలకుండా ఉంచుతారు. ఇందులో చాలా భాగం గ్రీకుల నుండి, ముఖ్యంగా 7వ శతాబ్దపు పౌల్ ఆఫ్ ఈజీనా నుండి వచ్చినదే.

జహ్రావీ ప్రత్యేకత మరొకచోట ఉన్నది. పూర్వులు ఈ విషయమై చాలా దీర్ఘంగా వ్రాశారనీ, అందులో ఎక్కువ భాగం ప్రయోజనం లేనిదనీ చెప్పి, పనికివచ్చినదానినే తాను క్లుప్తంగా తీసుకున్నారు. బల్ల ఎక్కించరాని రోగులెవరో కూడా ఆయన చెప్పారు. మెడ పూస పూర్తిగా తప్పితే రోగి వెంటనే మరణిస్తాడు. పూస లోపలికి, ఛాతీ వైపు జరిగితే దానికి ఉపాయం లేదు. చిన్ననాటి నుండి ఉన్న గూనికి చికిత్స లేదు. మలమూత్రాలు రోగికి తెలియకుండానే పోతుంటే అది మరణ సూచన. అట్టి రోగిని లాగి హింసించడం తగదు.

వాతలు పెట్టే విషయంలోనూ ఇదే నిగ్రహం కనిపిస్తుంది. నడుము నొప్పికి పడిపోవడం, దెబ్బ, శరీరం నుండి అతిగా స్రావాలు పోవడం, శీతలమైన తేమ చేరడం మొదలైన పలు కారణాలుంటాయనీ, చివరి రకానికి మాత్రమే వాత పనికివస్తుందనీ ఆయన షరతు పెట్టారు. ఆ శీతల ద్రవం నేటి వైద్యానికి తెలియని వస్తువు. ఆ వాతల వల్ల రోగికి ఒరిగినది కూడా కాలిన మచ్చలే అయివుండవచ్చు. మన పల్లెలలో ఇటీవలి కాలం దాకా నొప్పి అనగానే వాత పెట్టే అలవాటు ఉండేది. నొప్పి కారణం తెలియకుండా ఇనుము కాల్చవద్దన్నది వెయ్యేళ్ళ క్రితమే గ్రంథస్థమైన నియమం అన్న సంగతి గమనార్హం.

కళ్ళారా చూసిన ఎముక

ముస్లిం వైద్యులు శవాలను కోసి చూడలేదన్నది సాధారణంగా నిజం. కాని ఎముకను చూసే అవకాశం ఒక విషాదం వల్ల కలిగింది. 1200 ప్రాంతంలో ఈజిప్టును ఘోరమైన కరువు పట్టి పీడించింది. అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ (1162–1231) అప్పుడు అక్కడే ఉన్నారు. కైరో సమీపాన మక్స్ అనే చోట కుప్పలుగా పడి ఉన్న అస్థిపంజరాలను ఆయన పరిశీలించారు. కింది దవడ రెండు ఎముకలని గాలెన్ వ్రాశారు. రెండు వేలకు పైగా పుర్రెలు చూసినా ప్రతిదానిలోనూ అది ఒకే ఎముకగా కనిపించింది. గాలెన్ ఎంతటివాడైనా కన్ను చెప్పే సాక్ష్యం ఆయన మాటకన్న నమ్మదగినదని బగ్దాదీ తేల్చారు.

ఆ పుస్తకంలోనే వెన్నెముక చివరి భాగాన్ని గురించిన ప్రస్తావన ఉన్నది. త్రికాస్థి, తోక ఎముక కలిసి ఆరు ఎముకలని గాలెన్ లెక్క. బగ్దాదీకి మొదట అది ఒకే ఎముకగా కనిపించింది. మరికొన్ని చూడగా గాలెన్ చెప్పినట్లు ఆరు కనిపించాయి. ఎక్కువవాటిలో ఆరే, కొద్దివాటిలో మాత్రం ఒకటే. అందువల్ల దవడ విషయంలో ఉన్నంత నమ్మకం ఈ విషయంలో తనకు లేదని ఆయన వ్రాశారు. నేటి శరీరశాస్త్రం దీనికి వివరణ ఇస్తుంది. బాల్యంలో త్రికాస్థి విడివిడి పూసలుగా ఉండి, యౌవనంలో క్రమంగా అతుక్కుంటుంది. తోక ఎముక కొందరిలో దానితో కలిసిపోతుంది. గాలెన్‌ను ఒకచోట ఖండించి, మరొకచోట ఖండించడానికి తగిన ఆధారం చాలదని ఒప్పుకున్న ఆ నిజాయితీ, దవడను గురించిన ఆవిష్కరణ కన్న తక్కువ విలువైనది కాదు.

అమాసియా ఆసుపత్రి

1308–09లో అనటోలియాలోని అమాసియా పట్టణంలో ఒక దారుష్షిఫా వెలిసింది. 15వ శతాబ్దంలో అక్కడ షరఫుద్దీన్ సబున్జుఓగ్లు అనే వైద్యుడు 14 ఏళ్ళు సేవ చేశారు. ఆయన 1465లో ‘జర్రాహియతుల్ ఖానియ’ అనే శస్త్రవైద్య గ్రంథాన్ని పూర్తిచేసి సుల్తాన్ రెండవ ముహమ్మద్‌కు అంకితమిచ్చారు. దానిలో ఎక్కువ భాగం జహ్రావీ గ్రంథమే. ఐనా రెండు విషయాలలో ఇది ముందడుగు. మొదటిది భాష. పండితుల అరబీలో కాక, స్థానిక వైద్యులు చదవగలిగిన తుర్కీ భాషలో ఆయన వ్రాశారు. రెండవది బొమ్మలు. పనిముట్లను మాత్రమే గాక, వైద్యుడు, రోగి, సహాయకులు ఎక్కడ ఉండాలో, చేయి ఎక్కడ పెట్టాలో రంగుల చిత్రాలలో చూపారు. వెన్నెముకను లాగి సరిచేసే దృశ్యం కూడా వాటిలో ఉన్నది. మాటలతో చెబితే పొరపాటు పడే పనిని బొమ్మతో నేర్పాలన్న ఉద్దేశం అందులో స్పష్టం.

ఇర్ఖున్నసా

తుంటి నుండి కాలి మడమ దాకా దిగే నొప్పిని అరబీలో ‘ఇర్ఖున్నసా’ అన్నారు. ఆయుర్వేదం గృధ్రసి అన్నదీ, నేటి వైద్యులు సయాటికా అంటున్నదీ ఇదే. దీనిని కొందరు ‘నిసా’ అని పలికి స్త్రీల వ్యాధిగా పొరబడతారు. ‘నసా’ అన్నది తుంటి నుండి పాదం వరకు సాగే నరానికి పేరు. ప్రవక్త యాఖూబ్ (అలైహిస్సలాం) ఈ వ్యాధితో బాధపడి ఒక ఆహారాన్ని విడిచిపెట్టారని ఆలి ఇమ్రాన్ సూరా 93వ ఆయత్ వ్యాఖ్యానంలో ముఫస్సిర్లు పేర్కొన్నారు.

ఈ నొప్పికి గొర్రె తోక కొవ్వును కరిగించి మూడు భాగాలు చేసి, మూడు రోజులు పరగడుపున త్రాగాలన్న హదీసు ఇబ్నె మాజా సంకలనంలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంగా ఉన్నది. దీనిపై ఇబ్నె ఖయ్యిమ్ (1292–1350) చేసిన వ్యాఖ్య ఆలోచింపదగినది. ఇట్టి మాటలు కొన్ని అందరికీ వర్తిస్తాయి, కొన్ని ఆ ప్రాంతపు ప్రజలకు, వారి నేలకు, ఆహారానికి తగినట్లు చెప్పబడినవి. ఇది రెండవ కోవకు చెందినదని ఆయన వివరించారు. మాటను గౌరవిస్తూనే దాని సందర్భాన్ని గుర్తించిన విద్వాంసుని తీరు అది. నరం నొప్పితో కాలు చచ్చుబడుతున్న రోగికి ఇది కాగితం మీది చర్చ కాదు.

హైదరాబాదు సేవ

ఈ చరిత్రతో తెలుగునేలకు నిజమైన సంబంధం ఉన్నది. ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1595లో హైదరాబాదులో కట్టించిన వైద్యశాల పేరు నేటికీ దారుష్షిఫా పేటకు నిలిచి ఉన్నది. 1888లో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ చేసిన సేవ ఇంకా పెద్దది. 13వ శతాబ్దపు సిరియా శస్త్రవైద్యుడు, క్రైస్తవుడు ఐన ఇబ్నుల్ ఖుఫ్ వ్రాసిన ‘కితాబుల్ ఉమ్దా’ను ఈ సంస్థ 1937లో అచ్చువేసింది. జకరియా రాజీ (మరణం 925) మరణానంతరం ఆయన కాగితాల నుండి కూర్చిన మహాగ్రంథం ‘అల్ హావీ’ని 1955 నుండి 23 సంపుటాలుగా వెలువరించింది. 1279లో లాటిన్‌లోకి వెళ్ళిన ఈ గ్రంథం అరబీ మూలం పండితుల చేతికి సులభంగా అందినది హైదరాబాదు ముద్రణ వల్లనే. గ్రీకుల మాటలు, ఇతరుల మాటలు వరుసగా ఉదహరించి, చివర తన అనుభవాన్ని ‘నాది’ అని వేరుగా గుర్తించడం రాజీ పద్ధతి. ఎవరి మాట ఎవరిదో తెలిపే ఆ క్రమశిక్షణ పరిశోధనకు ప్రాణం.

నేటి వైద్యం తీర్పు

ఆ హకీములకు తెలియనిదేమిటో ఇప్పుడు చెప్పుకోవాలి. పిల్లలలో వెన్ను వంగి గూని రావడాన్ని, కాళ్ళు పడిపోవడాన్ని ఇంగ్లండులో పర్సివల్ పాట్ 1779లో విపులంగా వర్ణించారు. ఆ గూనిలో ఎక్కువ భాగం క్షయ వల్లనే వస్తుందన్నది క్రమంగా తేలింది. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయక్రిమిని కనుగొన్నారు. 1940లలో మందులు వచ్చాయి. ఆ తరువాతి దశాబ్దాలలో కొరియా, హాంగ్‌కాంగ్, మదరాసు మొదలైన చోట్ల జరిగిన పరీక్షలలో, వెన్ను క్షయ రోగులు చాలామంది నెలల తరబడి మంచం పట్టకుండానే, సక్రమంగా మందులు వాడి కోలుకోగలరని రుజువైంది. జహ్రావీ చికిత్స లేదన్న వ్యాధులలో ఒకటి ఇలా చికిత్సకు లొంగింది. బల్లకు గానీ, వాతకు గానీ అది లొంగేది కాదు.

పూసల మధ్యనుండే మెత్తని బిళ్ళ జారి నరాన్ని నొక్కడం వల్ల సయాటికా వస్తుందని 1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ ప్రకటించారు. పౌసానియస్ వ్రేళ్ళ కథలోని సూత్రమే ఇక్కడ కాలికి అన్వయించింది. 1986లో వెలువడిన ఒక అమెరికా పరీక్ష, సాధారణ నడుము నొప్పికి ఏడు రోజుల విశ్రాంతి కన్న రెండు రోజుల విశ్రాంతి ఏమాత్రం తీసిపోదని చూపింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పికి మార్గదర్శకాలు వెలువరించింది. వ్యాయామం, రోగికి వ్యాధిని గురించి తెలియజెప్పడం అందులో సిఫారసులు. నడుము పట్టీలు, లాగుడు చికిత్స, నల్లమందు జాతి మందులు మామూలుగా వాడవద్దన్నది. హిప్పోక్రాటీస్ నాటి బల్లకు, కనీసం ఈ నొప్పి విషయంలో, ఇలా తీర్పు వచ్చింది.

ఐతే జహ్రావీ గుర్తించిన ఒక సూచన మాత్రం చెక్కుచెదరలేదు. మలమూత్రాలపై అదుపు తప్పడం, కూర్చునే చోట స్పర్శ పోవడం, కాళ్ళు వేగంగా బలహీనపడడం, జ్వరంతో, బరువు తగ్గడంతో కూడిన వెన్నునొప్పి, ఇవి నేటికీ ప్రమాద సంకేతాలే. తేడా ఒక్కటే. ఆనాడు ఆ లక్షణాలు చూసి వైద్యుడు చేయి వెనక్కు తీసుకున్నాడు. నేడు అవే లక్షణాలు చూసి ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మాలిష్ చేసేవారి చేత, పూసలు విరిచేవారి చేత ఆ సమయంలో వీపు తొక్కించుకోవడం జీవితాంతపు అవిటితనానికి దారితీయవచ్చు.

పూర్వుల గ్రంథాలలో ఉన్నదంతా నిజమని వాదించడం వారిపై గౌరవం కాదు. వారే తమ పూర్వులను ఆ విధంగా గౌరవించలేదు. జహ్రావీ ప్రయోజనం లేనిదానిని వదిలిపెట్టారు. బగ్దాదీ ఎముకను చేతిలోకి తీసుకొని చూశారు. రాజీ తన మాటను ఇతరుల మాట నుండి వేరుచేశారు. బల్ల పోయింది, వాత పోయింది, శీతల ద్రవం పోయింది. రోగి వీపు మీద చేయి వేసే ముందు కారణం వెతకడం, చేయి ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం, తెలియనిదానిని తెలియదనడం మిగిలాయి. ఆ వారసత్వానికి హక్కుదారులమనుకునేవారు మొదట ఈ మూడింటినీ స్వీకరించాలి.